బాస్కెట్‌బాల్‌లో గడియారం తప్పితే ఏం చేయాలి?



పోయిన కాలం తిరిగి రాదని పెద్దలు అంటారు. స్టడీ అవర్‌లో వార్డెన్ సార్ నోట ఈ మాట మనం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. కానీ పోయిన కాలాన్ని తిరిగి తెచ్చే చోటు ఒకటుంది. అదే బాస్కెట్‌బాల్ కోర్టు. అక్కడ రిఫరీ ఈల వేసి "గడియారాన్ని మూడు సెకన్లు వెనక్కి పెట్టండి" అంటే ఆ మూడు సెకన్లు నిజంగానే తిరిగి వస్తాయి. అయితే ఆ మాట అనడానికి రిఫరీకి ఒక ఆధారం కావాలి. ఆ ఆధారం ఏమిటి, ఎక్కడ దొరుకుతుంది, దొరక్కపోతే ఏం చేయాలి అనేదే ఈ వ్యాసం.

ఈ విషయం మనకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. మన హాస్టల్ పిల్లలు కాలేజీకి వెళ్లాక ఆటలు ఆడటమే కాదు, ఆటలు జరిపించే పనులు కూడా చేస్తారు. కోర్టుకు సున్నం గీతలు వేయడం, స్కోరు రాయడం, వాచీ పట్టుకుని టేబుల్ దగ్గర కూర్చోవడం వంటి వాటికి ముందుగా మనల్నే పిలుస్తారు. సెలవుల్లో కూడా ఊరికి వెళ్లకుండా అక్కడే ఉండేది మనమే కదా! మేము కూడా అలాగే కూర్చున్నాం. పని తెలియకుండా కూర్చుంటే ఏమవుతుందో మా అనుభవంలో చూశాం. ఆ సంగతి చివర చెబుతాం. ముందు విషయం తెలుసుకుందాం.

గడియారం ఎవరి చేతిలో ఉంటుంది?

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు ఈ ఆటను కనిపెట్టాడు. చలికాలంలో విద్యార్థులు గది లోపలే ఆడుకోవడానికి పీచ్ పండ్ల బుట్టలు రెండు తగిలించి, 13 నియమాలు రాశాడు. ఆ నియమాల ప్రకారం ఆట పదిహేను నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో ఐదు నిమిషాల విశ్రాంతి. బంతి ఎవరిదో చెప్పేదీ, కాలం చూసేదీ రిఫరీ ఒక్కడే.

ఇప్పుడు ఆ పని పంచారు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య అయిన ఫిబా నియమాల ప్రకారం ఆట పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. స్కోరు సమానమైతే ఐదు నిమిషాల అదనపు సమయం ఇస్తారు. కోర్టు లోపల క్రూ చీఫ్ అనే పెద్ద రిఫరీ, ఆయనతో పాటు ఒకరు లేదా ఇద్దరు అంపైర్లు ఉంటారు. కోర్టు బయట టేబుల్ దగ్గర స్కోరర్, అసిస్టెంట్ స్కోరర్, టైమర్, 24 సెకన్ల గడియారం నడిపే షాట్ క్లాక్ ఆపరేటర్ కూర్చుంటారు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోవాలి. గడియారం నడిపేది టైమర్. గడియారం మీద తీర్పు చెప్పేది మాత్రం క్రూ చీఫ్. టైమర్ తనంతట తాను సెకన్లు కలపకూడదు, తీయకూడదు. అలాగని టైమర్ అడిగిందానికి తలూపే బొమ్మ కూడా కాదు. అతడు రిఫరీకి కళ్లు. కళ్లు చూసింది చెప్పకపోతే తీర్పు గుడ్డిదవుతుంది.

ఎప్పుడు నడవాలి? ఎప్పుడు ఆగాలి?

తప్పు జరిగిందని తెలియాలంటే ముందు ఒప్పు తెలియాలి.

గడియారం మొదలయ్యే సందర్భాలు మూడు. ఆట ఆరంభంలో ఎగరేసిన బంతిని ఎగిరిన ఆటగాడు నియమప్రకారం తట్టినప్పుడు. గీత బయట నుంచి బంతి విసిరే త్రో ఇన్‌లో, కోర్టు లోపలి ఆటగాడికి బంతి తగిలినప్పుడు. చివరి ఫ్రీ త్రో పడకుండా బంతి ఆటలోనే ఉంటే, కోర్టులోని ఆటగాడికి అది తగిలినప్పుడు. మూడింటిలోనూ మొదలు పెట్టేది తాకిడి. రిఫరీ బంతిని చేతికి ఇచ్చినప్పుడు కాదు, విసిరినప్పుడు కూడా కాదు. త్రో ఇన్ దగ్గర రిఫరీ చెయ్యి పైకెత్తి ఉంచుతాడు. బంతి తగలగానే గొడ్డలితో నరికినట్టు చెయ్యి కిందికి దించుతాడు. టైమర్ చూడాల్సింది ఆ చేతినే.

గడియారం ఆగేది రిఫరీ ఈల వేసినప్పుడు. తెరిచిన అరచెయ్యి పైకి లేస్తే గడియారం ఆపమని, పిడికిలి లేస్తే ఫౌల్ అని అర్థం. నాలుగో క్వార్టర్‌లోనూ, అదనపు సమయంలోనూ రెండు నిమిషాలు లేదా అంతకన్నా తక్కువ మిగిలినప్పుడు బుట్ట పడితే ఈల లేకపోయినా గడియారం ఆపాలి. అంతకు ముందు మాత్రం బుట్ట పడినా గడియారం నడుస్తూనే ఉంటుంది. టైమ్ అవుట్ అడిగి ఉన్న జట్టు మీద బుట్ట పడితే కూడా ఆపాలి. కొత్తగా కూర్చున్న టైమర్లు ఎక్కువగా మరిచిపోయేది ఆ చివరి రెండు నిమిషాల నియమాన్నే.

తప్పులు ఎక్కడ పుడతాయి?

మొదటిది ఆలస్యంగా మొదలు పెట్టడం. ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు టైమర్ కూడా ప్రేక్షకుడైపోతాడు. కళ్లు బంతి వెంట పోతాయి, వేలు బటన్ మీదే ఉండిపోతుంది. రెండోది తొందరపడి మొదలు పెట్టడం. విసిరేవాడి చేతిలోనే బంతి ఉండగా నొక్కేస్తారు. మూడోది ఆలస్యంగా ఆపడం. అరుపుల్లో ఈల వినపడదు. నాలుగోది యంత్రం తప్పు. బోర్డు నిలిచిపోతుంది, కరెంటు పోతుంది. అందుకే ఎంత మంచి బోర్డున్నా టేబుల్ మీద చేతి వాచీ ఒకటి ఉండాలి.

ఎంత చురుకైన టైమర్‌కైనా ఈల చెవిని చేరి, వేలు కదలడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఈ తేడా కూడా ఉండకూడదని అమెరికాలో మైక్ కోస్టబైల్ అనే రిఫరీ ఒక పరికరం తయారు చేశాడు. రిఫరీ దగ్గరి మైకు ఈల చప్పుడు గుర్తుపట్టి గడియారాన్ని తానే ఆపుతుంది. ఎన్.బి.ఏ. పోటీల్లో అది వాడుకలోకి వచ్చింది. మన కాలేజీ కోర్టుల్లో అలాంటివి ఉండవు. మనకున్నది కన్ను, చెయ్యి, నోరు. వాటినే సరిగ్గా వాడుకోవాలి.

తెలిసిందే పెట్టాలి, ఊహించింది కాదు

గడియారం తప్పును సరిదిద్దే అధికారం రిఫరీలకు ఉంది. ఫిబా నియమాల ప్రకారం కాలం ఎక్కువ ఖర్చయినా, తక్కువ ఖర్చయినా క్రూ చీఫ్ స్కోరు షీటు మీద సంతకం చేసే లోపు ఎప్పుడైనా సరిచేయవచ్చు. సంతకం పడిందంటే ఆట ముగిసినట్టే. ఆ తర్వాత నిజం తెలిసినా గడియారం కదలదు.

ఎంత కాలం సరిచేయాలి అన్న దానికి అమెరికా హైస్కూల్ నియమాలు ఒక మంచి కొలత చెబుతాయి. కాలం ఎంతో కచ్చితమైన సమాచారం ఉంటేనే సరిదిద్దాలి, లేకపోతే ముట్టుకోకూడదు. "సుమారుగా రెండు సెకన్లు ఉండొచ్చు" అనేది సమాచారం కాదు. ఆ రెండు సెకన్లు ఒక జట్టుకు ఇచ్చే దానమూ, ఇంకో జట్టుకు వేసే శిక్షా అవుతాయి.

కచ్చితమైన సమాచారం ఎక్కడ దొరుకుతుంది?

ఒకటి, రిఫరీ కన్ను. ఈల వేసిన వెంటనే గడియారం వైపు చూసే అలవాటు ఉన్న రిఫరీకి అంకె తెలుసు. రెండు, రిఫరీ లెక్క. త్రో ఇన్‌కు ఐదు సెకన్లు, సగం కోర్టు దాటడానికి ఎనిమిది సెకన్లు అని నియమం ఉంది. రిఫరీ చేతితో లెక్క పెడుతూ ఉంటే ఆ లెక్కే ఒక గడియారం. మూడు, 24 సెకన్ల గడియారం. పెద్ద గడియారం నిలిచిపోయినా ఇది నడిచి ఉంటే ఎంత కాలం గడిచిందో ఇదే చెబుతుంది. నాలుగు, టేబుల్ దగ్గర కూర్చున్న వాళ్లు చూసింది, వాళ్ల చేతి వాచీలో ఉన్నది. ఐదు, వీడియో సౌకర్యం ఉన్న పెద్ద పోటీల్లో వీడియో.

ఏవి సమాచారం కావు? కోచ్ కేకలు, ఆటగాళ్ల అంచనాలు, ప్రేక్షకుల లెక్కలు. అవి నిజం కావచ్చు కూడా. కానీ వాళ్లకు ఆ ఆటలో ఒక పక్షం ఉంది.

సరిదిద్దే పద్ధతి

మొదట, ఆట ఎప్పుడు ఆపాలో చూసుకోవాలి. ఒక ఆటగాడు ఒంటరిగా బుట్ట వైపు దూసుకుపోతుంటే ఆ క్షణంలో ఈల వేస్తే ఒక తప్పు సరిచేయబోయి ఇంకో తప్పు చేసినట్టు. 24 సెకన్ల హారన్ పొరపాటున మోగితే ఆట సాగించాలనీ, బంతి ఉన్న జట్టుకు దానివల్ల నష్టం జరిగిందనిపిస్తేనే ఆపి సరిచేసి, బంతి ఆ జట్టుకే ఇవ్వాలనీ ఫిబా నియమం. పెద్ద గడియారం విషయంలోనూ ఈ జాగ్రత్తే మంచిది.

తర్వాత ఆటగాళ్లను టేబుల్‌కు దూరంగా పంపాలి. రిఫరీలు, టేబుల్ వాళ్లు మాత్రమే మాట్లాడుకోవాలి. అడిగే తీరు కూడా ముఖ్యం. "ఆరు సెకన్లే కదా?" అని అడిగితే భయపడే కుర్రాడు "అవును సార్" అంటాడు. "నువ్వు ఏం చూశావు?" అని అడగాలి. ఒక్కొక్కరినీ విడిగా అడగాలి.

నిర్ణయం అయ్యాక రెండు గడియారాలూ సరిచేయాలి. పెద్ద గడియారం మార్చి 24 సెకన్ల దాన్ని మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు. ఇద్దరు కోచ్‌లకూ ఒకే మాట చెప్పాలి. చివరగా, బోర్డు మీద సరైన అంకె కనిపించిందని రిఫరీ స్వయంగా చూసిన తర్వాతే బంతిని ఆటగాడి చేతికి ఇవ్వాలి. ఈ చివరి మెట్టు దాటేస్తే ఏమవుతుందో తర్వాత చూద్దాం.

కొన్ని ఉదాహరణలు

ఉదాహరణ 1: నాలుగో క్వార్టర్. బంతి గీత దాటింది, అంపైర్ ఈల వేశాడు. వెంటనే బోర్డు చూస్తే 12.4 సెకన్లు. కానీ టైమర్ ఆలస్యంగా ఆపడంతో గడియారం 10.9 దగ్గర ఆగింది. అంపైర్ చూశాడు కాబట్టి 12.4 పెట్టవచ్చు. చూడకపోయి ఉంటే "ఒకటిన్నర సెకను పోయినట్టుంది" అని కలపడానికి వీల్లేదు.

ఉదాహరణ 2: 30 సెకన్లు మిగిలి ఉండగా త్రో ఇన్. ఆట సాగింది, కాసేపటికి ఫౌల్. చూస్తే పెద్ద గడియారం 30 దగ్గరే ఉంది, మొదలే కాలేదు. 24 సెకన్ల గడియారం మాత్రం నడిచి 15 చూపిస్తోంది. అంటే 9 సెకన్లు గడిచాయి. పెద్ద గడియారాన్ని 21కి దించాలి.

ఉదాహరణ 3: 5 సెకన్లు మిగిలి ఉన్నాయి. విసిరేవాడి చేతిలో బంతి ఉండగానే గడియారం కదిలి 3.6కు వచ్చింది. వెంటనే ఈల వేసి, మళ్లీ 5 సెకన్లు పెట్టి, త్రో ఇన్ మళ్లీ ఇవ్వాలి. ఆటలో ఏమీ జరగలేదు కాబట్టి పోయిన కాలం మొత్తం తిరిగి వస్తుంది.

ఉదాహరణ 4: గడియారం మొదలు కాలేదు. 24 సెకన్ల గడియారం లేదు. రిఫరీ లెక్క పెట్టలేదు. టేబుల్ దగ్గర ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఏం చేయాలి? కచ్చితమైన సమాచారం కావాలన్న నియమాన్ని పాటిస్తే ఏమీ చేయలేం. ఎవరికో అన్యాయం జరిగిందని తెలుస్తూనే ఉంటుంది, కానీ సరిదిద్దే దారి ఉండదు. అన్నింటిలోకి కష్టమైనది ఇదే. దీన్ని తప్పించాలంటే జరగబోయే ముందే చూస్తూ, లెక్క పెడుతూ ఉండటం ఒక్కటే మార్గం.

మ్యూనిక్‌లో ఆ మూడు సెకన్లు

గడియారం తప్పుల చరిత్రలో పెద్దది 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్. అమెరికా, సోవియట్ యూనియన్ జట్లు తలపడ్డాయి. ఒలింపిక్ బాస్కెట్‌బాల్‌లో అమెరికా అప్పటివరకు ఓటమి ఎరగదు. 1936 నుంచి ఏడు స్వర్ణాలు, వరుసగా 63 విజయాలు.

మూడు సెకన్లు మిగిలి ఉండగా అమెరికా 48–49తో ఒక పాయింటు వెనుకబడి ఉంది. డగ్ కాలిన్స్‌కు రెండు ఫ్రీ త్రోలు. మొదటిది పడింది. రెండోది వేస్తుండగా టేబుల్ దగ్గర హారన్ మోగింది. అయినా అది కూడా పడింది. అమెరికా 50, సోవియట్ 49.

సోవియట్ జట్టు బంతి విసిరింది. ఇంతలో తాము ముందే టైమ్ అవుట్ అడిగామని వాళ్ల శిక్షకులు టేబుల్ దగ్గర గొడవ చేశారు. ఒక్క సెకను మిగిలి ఉండగా బ్రెజిల్ రిఫరీ రెనాటో రిగెట్టో ఆట ఆపాడు. అప్పుడు ప్రేక్షకుల్లో ఉన్న ఫిబా ప్రధాన కార్యదర్శి విలియమ్ జోన్స్ కిందికి దిగి వచ్చి, గడియారం మూడు సెకన్లకు పెట్టమని చెప్పాడు. నడుస్తున్న ఆటలో అలా చెప్పే అధికారం నియమాల్లో ఆయనకు లేదు. కానీ ఆయన పెద్దవాడు. టేబుల్ వాళ్లు తలవంచారు.

రెండోసారి బంతి విసిరారు. అప్పటికి గడియారాన్ని ఇంకా సరిచేస్తూనే ఉన్నారు. బోర్డు మీద 50 సెకన్లు కనిపిస్తోంది! అది చూసుకోకుండానే బంతి చేతికిచ్చారు. వెంటనే హారన్ మోగింది. అమెరికా ఆటగాళ్లు గెలిచామని గంతులేశారు. కాదు, గడియారం సిద్ధంగా లేదు, మళ్లీ ఆడాలి అన్నారు. మూడోసారి ఇవాన్ ఎదెష్కో కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు బంతి విసిరాడు. అలెగ్జాండర్ బెలోవ్ అందుకుని బుట్టలో వేశాడు. సోవియట్ 51, అమెరికా 50.

రిగెట్టో ఆ ఫలితాన్ని ఒప్పుకుని స్కోరు షీటు మీద సంతకం పెట్టడానికి నిరాకరించాడు. అమెరికా అప్పీలు చేసింది. ఐదుగురు సభ్యుల సంఘం 3–2తో దాన్ని తోసిపుచ్చింది. అమెరికా ఆటగాళ్లు రజత పతకాలు తీసుకోలేదు. వాళ్లలో కెన్నీ డేవిస్ అయితే తన తర్వాత తన పిల్లలు కూడా ఆ పతకం తీసుకోకూడదని వీలునామాలో రాసుకున్నాడు.

సోవియట్ జట్టుకు టైమ్ అవుట్ రావాల్సిందా, లేదా అన్న వాదన వేరు. వాళ్ల ఫిర్యాదు నిజమే కావచ్చు. మనం చూడాల్సింది తీర్పు చేసిన తీరు. నిర్ణయం చెప్పాల్సిన వాళ్లు చెప్పలేదు, చెప్పకూడని వారు చెప్పారు. గడియారం సిద్ధం కాకముందే బంతి ఇచ్చారు. ఏం జరుగుతోందో రెండు జట్లకూ స్పష్టంగా చెప్పలేదు. ఇంతకు ముందు మనం చెప్పుకున్న మెట్లన్నీ అక్కడ తప్పాయి. మూడు సెకన్ల ఆటకు యాభై ఏళ్లు దాటినా ముగింపు రాలేదు.

చూసిన కన్ను, చూడని కన్ను

మరో సంఘటన 1990 జనవరి 15న న్యూయార్క్‌లో జరిగింది. న్యూయార్క్ నిక్స్, చికాగో బుల్స్ 106–106తో సమానంగా ఉన్నాయి. గడియారంలో 0.1 సెకను. నిక్స్ ఆటగాడు ట్రెంట్ టకర్ బంతి పట్టుకున్నాడు, తిరిగాడు, మూడు పాయింట్ల షాట్ వేశాడు. అది పడింది, నిక్స్ 109–106తో గెలిచింది. సెకనులో పదో వంతులో ఇదంతా ఎవరూ చేయలేరు. గడియారం ఆలస్యంగా మొదలైంది. బుల్స్ ఫిర్యాదు చేసినా ఫలితం మారలేదు. మారింది నియమం. బంతి పట్టుకుని షాట్ వేయాలంటే కనీసం 0.3 సెకను మిగిలి ఉండాలని ఎన్.బి.ఏ. నిర్ణయించింది. ఫిబా నియమం కూడా ఇదే. 0.2 లేదా 0.1 మాత్రమే ఉంటే గాలిలోని బంతిని తట్టి గానీ, నేరుగా బుట్టలోకి కుదేసి గానీ వేయాలి.

2002 మే 26న లాస్ ఏంజెలెస్ లేకర్స్, శాక్రమెంటో కింగ్స్ ఆటలో సగం సమయం ముగిసే వేళ లేకర్స్ ఆటగాడు సమాకి వాకర్ వేసిన మూడు పాయింట్ల షాట్‌ను లెక్కలోకి తీసుకున్నారు. బంతి అతని చెయ్యి వదిలేసరికి కాలం అయిపోయిందని వీడియోలో తేలింది. కానీ రిఫరీలు వీడియో చూడటానికి అప్పటి నియమాలు ఒప్పుకోవు. లేకర్స్ ఒక్క పాయింటు తేడాతో, 100–99తో గెలిచింది. మరుసటి సీజన్ నుంచి ఎన్.బి.ఏ. రిఫరీలకు వీడియో చూసే వీలు కల్పించింది.

ఈ రెండు సంఘటనల్లో నష్టపోయిన జట్లకు న్యాయం జరగలేదు. వాళ్ల వల్ల తర్వాతి వాళ్లకు జరిగింది. ఒక్కోసారి నియమాలు అలాగే పుడతాయి.

మా టేబుల్ దగ్గర ఏం జరిగింది?

ఇక మా సంగతి. అప్పుడు మేము డిగ్రీ రెండో సంవత్సరం. మా కాలేజీ కోర్టులో పోటీలు జరుగుతున్నాయి. ఎలక్ట్రానిక్ బోర్డు లేదు, 24 సెకన్ల గడియారం లేదు. టేబుల్ మీద ఒక స్టాప్‌వాచీ, ఒక గంట. హాస్టల్ నుంచి మేమిద్దరం కూర్చున్నాం. ఒకరు స్కోరు, ఒకరు వాచీ. నేర్పిన వాళ్లు లేరు. "వాచీ నొక్కడమేగా" అన్నారు.

నాలుగో క్వార్టర్ చివర. వాచీలో 9 నిమిషాల 54 సెకన్లు, అంటే ఇంకా ఆరు సెకన్లు. మా కాలేజీ ఒక పాయింటు వెనకబడి ఉంది. త్రో ఇన్ మాదే. బంతి లోపలికి వచ్చింది. మేమిద్దరం లేచి నిలబడి చూస్తున్నాం. వాచీ నొక్కలేదు. మావాడు బంతి కొట్టుకుంటూ సగం కోర్టు దాటాక గుర్తొచ్చి నొక్కాం. బుట్ట పడింది. ఆపి చూస్తే 9:58. అవతలి జట్టు మిగిలిన రెండు సెకన్లలో ఏమీ చేయలేకపోయింది. మా కాలేజీ గెలిచింది.

అవతలి కోచ్ పరుగున వచ్చారు. "ఆరు సెకన్లు ఎప్పుడో అయిపోయాయి, బుట్ట చెల్లదు" అన్నారు. రిఫరీ ఆయన్ని ఆపి మమ్మల్ని అడిగారు. "ఏం బాబూ, వాచీ సరిగ్గా నొక్కారా?" మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "సరిగ్గానే నొక్కాం సార్" అన్నాం.

ఆయన దగ్గర తన లెక్క లేదు. మా మాటే ఆధారం. స్కోరు షీటు రాయడం ముగించి, కూడికలు సరిచూసి ఆయన సంతకం చేయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ మేము ఆయన పక్కనే కూర్చుని ఉన్నాం.

ఎందుకు అబద్ధం చెప్పాం? మా కాలేజీ గెలవాలన్న ఆశ కొంత. కానీ ఎక్కువ భయమే. తప్పు ఒప్పుకుంటే హాస్టల్ వాళ్లను కూర్చోబెడితే ఇంతే అంటారేమో, ఇంకెప్పుడూ పిలవరేమో అనిపించింది. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఎక్కడ కూర్చున్నా ఎవరైనా వచ్చి లేవమంటారేమో అన్న భయం అప్పటికి మాకు పోలేదు.

సాయంత్రం కుళాయి దగ్గర అవతలి జట్టు కుర్రాళ్లు కాళ్లు కడుక్కుంటున్నారు. ఒకడు మమ్మల్ని చూసి "అన్నా, మీరూ హాస్టలేనా? మేము కూడా" అన్నాడు. వాళ్ల వార్డెన్ సార్ సొంత డబ్బులతో బూట్లు కొనిచ్చారట. కాసేపాగి "అన్నా, నిజంగా వాచీ కరెక్టేనా?" అని అడిగాడు. కోపంగా అడగలేదు, తెలుసుకుందామని అడిగాడు. మేము జవాబు చెప్పకుండా వచ్చేశాం.

తర్వాత నియమాల పుస్తకం తెచ్చుకుని చదివాం. సంతకం పడే లోపు సరిదిద్దవచ్చు అన్న వాక్యం చూసినప్పుడు ఆ పది నిమిషాలు గుర్తొచ్చాయి. "సార్, ఆలస్యంగా నొక్కాం. ఎంత ఆలస్యమో కచ్చితంగా తెలియదు. మావాడు సగం కోర్టు దాటాక నొక్కాం" అని చెప్పి ఉంటే చాలు. అందులో తెలిసింది ఉంది, తెలియనిది కూడా నిజాయితీగా ఉంది. ఆయన రెండో రిఫరీని అడిగేవారు, ఎవరి దగ్గరైనా లెక్క ఉంటే సరిచేసేవారు. లేకపోతే ఫలితం అదే ఉండేదేమో. కానీ తీర్పు ఆయనది అయ్యేది. మేము ఆయన కళ్లు మూసి తీర్పు మేమే చెప్పేశాం.

టేబుల్ దగ్గర కూర్చునే తమ్ముళ్లకు

ఆట మొదలయ్యే ముందు వాచీ రెండుసార్లు ఆపి, నడిపి చూడండి. త్రో ఇన్‌లో బంతిని కాదు, రిఫరీ చేతిని చూడండి. ఈల పడగానే అంకెను పైకి చదవండి, పక్కనున్న స్కోరర్ కాగితం మీద రాసుకోవాలి. అప్పుడు ఒకరి మాటకు ఇంకొకరు సాక్షి. చివరి రెండు నిమిషాలు మొదలవగానే "ఇక బుట్ట పడితే ఆపాలి" అని ఒకరికొకరు గుర్తు చేసుకోండి. మీ కాలేజీ ఆడుతుంటే చప్పట్లు కొట్టకండి.

తప్పు జరిగితే అడిగేదాకా ఆగకండి. ఆట ఆగిన వెంటనే రిఫరీని పిలిచి చెప్పండి. గడియారం తప్పడం నేరం కాదు. ఒలింపిక్ ఫైనల్‌లోనే తప్పింది. చెప్పకపోవడమే మనం చేసే తప్పు. నోరు విప్పితే మనల్ని లేపేస్తారని భయపడకండి. మేము చెప్పలేదు కాబట్టి మమ్మల్ని ఎవరూ లేపలేదు. కానీ ఆ తర్వాత మేమే ఆ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాం.

ఈ ఏడాది స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి రెండు స్టాప్‌వాచీలు కొని మన హాస్టల్ ఆటల గదిలో పెట్టాం. ఆదివారం సాయంత్రాలు ఆడేటప్పుడు ఒకరు వాచీ పట్టుకోండి, ఒకరు లెక్క పెట్టండి, ఇద్దరి అంకెలూ పోల్చి చూసుకోండి. అవతలి జట్టులోని ఆ తమ్ముడు ఇప్పుడు ఎక్కడ చదువుతున్నాడో మాకు తెలియదు. ఈ సంచిక చేతులు మారి ఎప్పుడైనా అతన్ని చేరితే, అతను అడిగిన ప్రశ్నకు ఇదే మా జవాబు. తమ్ముడూ, వాచీ కరెక్టు కాదు.